రామ్‌కిషన్ మీసం

రామ్‌కిషన్ మీసం తీసింది అఖిలేషే. తీసుకొమ్మని చెప్పి ఊరుకోలేదు, ఇంకొకరికి పురమాయించనూ లేదు. ప్లాస్టిక్ రేజరు పట్టుకుని తన చేత్తోనే తీశాడు. పార్కులో, స్టాఫ్ క్యాంటీన్ వెనక, చేతులు కడుక్కునే బేసిన్ ముందు. శుక్రవారం పొద్దున తొమ్మిది దాటింది. పదింటికి గేట్లు తెరుస్తారు. ఆలోపు ముఖం నున్నగా లేనివాడు ఆటల దగ్గర నిలబడకూడదని కొత్తగా వచ్చిన రూలు.

మొదట రేజరు రామ్‌కిషన్ చేతిలోనే ఉంది. అద్దంలోకి చూస్తూ చెయ్యి లేపాడు. పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ లేపాడు, మళ్లీ ఆగింది. వెనక్కి తిరిగి రేజరు అఖిలేష్ ముందుకు చాచాడు.

"నా చేతోని నాకు కాదు బిడ్డా. మా నాయిన ఇంక ఉన్నడు గద. నువ్వే తియ్యి."

"ఏమైతది కాకా, నెలల మల్ల మొలుస్తది" అని నవ్వాడు అఖిలేష్. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే అతనికి తన పళ్లు తనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

ముప్పై ఏళ్ల మీసం. ఆ రేజరుకు లొంగలేదు. క్యాంటీన్‌లో పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెర తెచ్చి ముందు అటొక ముక్క, ఇటొక ముక్క కోశాడు. కోస్తున్నంతసేపూ రామ్‌కిషన్ కళ్లు మూసుకునే ఉన్నాడు, దవాఖానలో సూదికి చెయ్యి చాచిన పిల్లవాడిలాగా. వెంట్రుకలు బేసిన్‌లో పడ్డాయి. అఖిలేష్ నల్లా తిప్పాడు. అవి పోలేదు, జాలీ దగ్గర ముద్దకట్టి నిలిచాయి. వేలితో లోపలికి నెట్టాడు.

ఆ మీసం ఏమిటో తెలియని ఊరివాడైతే అఖిలేష్ తప్పు సగం తప్పే. కానీ అతనిదీ రామ్‌కిషన్ వాడకట్టే. న్యాల్‌కల్ మండలంలో, బీదర్ రోడ్డు పక్క ఊరు. ఆ ఊళ్లలో మగవాడి పై పెదవి బోసిగా కనబడితే ఏమైందని ఎవరూ అడగరు, "ఎప్పుడు పోయిండు?" అని మాత్రమే అడుగుతారు. తండ్రి పోయిన పదో దినం కొడుకు మీసం తీయించుకుంటాడు. తండ్రి ఉండగా దాని మీద కత్తి పెట్టడం ఆయన చావును ముందే చాటించడమే.

పుస్తకంలో చదివి తెలుసుకున్న సంగతి కాదిది. అఖిలేష్‌కు పదహారేళ్లప్పుడు వాళ్ల నాయిన చెరుకు లారీ కింద పడి పోయాడు. పదో దినం బావి దగ్గర కూర్చోబెడితే, క్షౌరం చేసే చెన్నబసప్ప ఆ పిల్లవాడి పెదవి మీది నూగును చూసి చెయ్యాడక ఆగాడు. "మొలవని మీసం ఏం తీసుడు, ఇడ్సిపెడ్త" అన్నాడు. అఖిలేష్ వెనక కూర్చుని భుజాలు పట్టుకుని ఉన్నది రామ్‌కిషనే. "తియ్యి బసప్పా. రేపు పెద్దగైనంక మా నాయినకు నేనేం ఇయ్యకపోతి అని పోరడు ఏడ్వద్దు" అన్నాడు. ఆ మాట అఖిలేష్ చెవిలో ఎనిమిదేళ్లుగా ఉంది. ఉండి ఏం లాభం?

రామ్‌కిషన్ ఆస్తి ఏమిటని అడిగితే ఊళ్లో ఎవరైనా మీసమనే చెబుతారు. భూమి లేదు. ఉన్నది ఒకప్పుడు ఒక రంగులరాట్నం. నాలుగు చెక్క తొట్లు, మధ్యలో ఇరుసు, చేత్తో తోస్తే తిరిగేది. వాళ్ల నాయిన పాండు చేయించినది. తండ్రీకొడుకులిద్దరూ దాన్ని విప్పి ఎడ్లబండి మీద, తర్వాత ట్రాలీ ఆటో మీద వేసుకుని ఝరాసంగం జాతర నుంచి బీదర్ అవతలి ఉరుసుల దాకా తిరిగేవాళ్లు. ఏ తొట్లో బరువు ఎక్కువైందో రామ్‌కిషన్‌కు కంటితో చూడకుండానే తెలిసేది. అరచేతిలో కట్టె చెబుతుందనేవాడు. పైకి పోయాక పిల్లలు భయపడి ఏడిస్తే, కింద నిలబడి మీసంలో ఎడమ కొసను మాత్రం పైకి లేపేవాడు. తర్వాత కుడి కొస. రెండూ వేరువేరుగా ఆడేవి. ఏడుపు ఆగిపోయేది. తొట్టి కిందికి దిగేసరికి ఆ పిల్లలు ఇంకో చుట్టు కావాలని మొండికేసేవాళ్లు.

తర్వాత జనరేటరుతో తిరిగే ఇనుప చక్రాలు వచ్చాయి. జాతరలో జాగా కాంట్రాక్టులకు పోయింది. రాట్నం కట్టె రెండేళ్లు ఇంటి వెనక వానకు నాని, చివరికి పొయ్యిలోకి పోయింది. రామ్‌కిషన్ అల్లం చేలల్లో కూలికి పోయాడు, ఆలుగడ్డ తవ్వాడు. నడుము వంగింది కానీ మీసం వంగలేదని పాండు ముసలాయన అందరితో చెప్పేవాడు, అది తనే పెంచినట్టు.

జహీరాబాద్ దాటాక హైవే పక్కన పార్కు కట్టినప్పుడు డిగ్రీ చదివిన అఖిలేష్‌కు అందులో సూపర్‌వైజర్ పని దొరికింది. ఆటల దగ్గర నిలబడే ఎనిమిది మంది అతని కింద. పిల్లల చక్రం దగ్గరికి మనిషి కావాలంటే రామ్‌కిషన్ పేరు చెప్పింది అతనే. పొద్దున బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది అతనే. కోట బురుజుల్లాంటి గేటు, సిమెంటు డైనోసార్లు, నీళ్లు చిమ్మే కారంజీలు అన్నీ తిరిగి చూశాక రామ్‌కిషన్ చక్రం దగ్గర ఆగి మీట నొక్కి చూశాడు. "అరె, దీనికి నా చెయ్యి తోని పనే లేదు గదరా" అన్నాడు. కానీ మీసానికి పని ఉండేది. ఎర్ర టోపీ కింద ఆ మీసం ఆడుతుంటే పిల్లలు చక్రం దిగి ఆయనతో ఫోటోలు దిగేవాళ్లు.

ఆ ఎండాకాలం హైదరాబాద్ నుంచి కొత్త మేనేజర్ మదన్‌మోహన్ వచ్చాడు, ఆయనతో పాటు నాలుగు పేజీల రూల్సు వచ్చాయి. గోళ్లు ఎంత ఉండాలో, చొక్కా ఎన్ని గుండీలు పెట్టాలో, సెంటు ఏ వాసన కొట్టకూడదో అన్నీ ఉన్నాయి. మూడో పేజీలో ముఖం. పిల్లల్ని ఎత్తి ఆటల్లో కూర్చోబెట్టేవాళ్లకు గడ్డం, మీసం ఉండకూడదు. వచ్చినవాళ్లకు మన నవ్వు పూర్తిగా కనబడాలట. శుక్రవారం కంపెనీవాళ్లు చూడడానికి వస్తారు, ఆ రోజు నుంచి అమలు.

నాలుగో పేజీలో ఇంకో సంగతి ఉంది. మినహాయింపు కావాలంటే ఫారం పెట్టుకోవచ్చు. మతం కారణమైతే ఒక గడి, జబ్బు కారణమైతే ఒక గడి, ఇంటి ఆచారమైతే ఒక గడి. కారణం నాలుగు వరుసలు సూపర్‌వైజరే ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, మేనేజర్ దగ్గరికి తీసుకుపోవాలి. కారు ఆటల దగ్గర పనిచేసే జిలానీ గడ్డానికి అఖిలేషే రాసిచ్చాడు. ఒక్క పూటలో మంజూరైంది.

రామ్‌కిషన్‌కు రాయలేదు. ఫారం ఉందని కూడా చెప్పలేదు.

ఎందుకు రాయలేదంటే, చెప్పుకోవడానికి నోరు రాని కారణం. అంతకు పదిహేను రోజుల ముందు అఖిలేష్ బోనాలకు సగం పూట సెలవు అడిగితే మదన్‌మోహన్ కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకా ఇవన్నీ ఉన్నాయా మీ ఊళ్లలో?" అని నవ్వాడు. అఖిలేష్ కూడా నవ్వాడు. "నేను పట్టించుకోను సార్, అమ్మ కోసం" అన్నాడు. తల్లిని అడ్డం పెట్టుకుని తను తప్పుకున్నాడు. ఇప్పుడు మళ్లీ అదే గదిలోకి పోయి, 'ఇతని తండ్రి ఇంకా బతికే ఉన్నాడు కనుక మీసం తీయడు' అని ఇంగ్లీషులో రాసిన కాగితం పెడితే ఆయన ఎలా చూస్తాడో అఖిలేష్‌కు ముందే కనబడింది. ఆ చూపు రామ్‌కిషన్ మీద పడదు, తన మీద పడుతుంది. ఆ ఒక్క చూపు తప్పించుకోవడానికి ఒక మనిషి ముఖం మీది నుంచి తండ్రిని గీకి పారేశాడు.

శుక్రవారం కంపెనీవాళ్లు వచ్చారు, చూశారు, ఐస్‌క్రీం తిన్నారు, పోయారు. "మీ బ్యాచ్ అంతా నీట్‌గా ఉంది" అని మదన్‌మోహన్ అఖిలేష్ భుజం తట్టాడు.

ఆ సాయంత్రం అఖిలేష్‌కు లెక్కల పనేదో ఉండి ఆగిపోతే రామ్‌కిషన్ బస్సులో ఇంటికి పోయాడు. తువ్వాలు తలకు చుట్టి మూతికి అడ్డం కట్టుకున్నాడు. జహీరాబాద్ బస్టాండులో నీళ్లు తాగడానికి దాన్ని కిందికి జరిపాడు, అంతే. అప్పుడే కదులుతున్న రాయికోడ్ బస్సు కిటికీలోంచి అతని చెల్లెలు రత్నమ్మ మరిది చూశాడు. దిగడానికి వీల్లేదు. ఇంటికి పోగానే వదినతో చెప్పాడు. ఫోను చేసి కనుక్కోవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు అంటారు. కానీ అన్న పెదవి బోసిగా ఉంటే, నాయిన ఉన్నాడా పోయాడా అని ఏ ఆడబిడ్డ ఫోనులో అడుగుతుంది? అన్న తనకు చావు కబురు కూడా పంపకుండా పదో దినం కానిచ్చేశాడని ఆమె కడుపు మండింది. తెల్లారగానే జీపు మాట్లాడుకుని ఆరుగురు బయలుదేరారు.

పొద్దున ఎనిమిదింటికి అఖిలేష్ బండి ఆపి, హెల్మెట్ చేతిలో పట్టుకుని రామ్‌కిషన్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. రామ్‌కిషన్ తువ్వాలు విప్పకుండానే చెప్పులు వేసుకుంటున్నాడు. శుక్లాలు కమ్మిన కళ్లతో పాండు మంచం మీద కూర్చుని చాయ్‌లో జొన్నరొట్టె ముంచుకుని తింటున్నాడు. అప్పుడు గల్లీ మొదట్లోంచి ఏడుపు మొదలైంది.

"ఓ నాయినా, ఒక్క మాట చెప్పకుంట పోతివా నాయినా, నీ బిడ్డ యాదికి రాకపోయెనా నాయినా..."

పాండు చెవి రిక్కించాడు. "ఎవ్వలురా పోయింది? మన గల్లీలనే ఉన్నట్టున్నది."

రత్నమ్మ రొమ్ము కొట్టుకుంటూ వాకిట్లోకి వచ్చి, మంచం మీది మనిషిని చూసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపింది. వెనక వస్తున్న ఆడవాళ్లు ఆమెకు తగిలి ఆగారు.

"ఏందే రత్నా, నన్ను చూసి ఏడుస్తున్నవ్?" అన్నాడు ముసలాయన. "ఇంక సగం రొట్టె ఉన్నది. జర తిననియ్యి."

జీపు డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. గోడ మీది నుంచి తొంగిచూస్తున్న వాళ్లు కూడా. రత్నమ్మకు నవ్వు రాలేదు.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. మరి అన్న మీసమేది?" అంటూ పోయి రామ్‌కిషన్ ముఖం మీది తువ్వాలు లాగింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఇట్ల రా" అన్నాడు పాండు.

రామ్‌కిషన్ పోయి మంచం ముందు గొంతుకూర్చున్నాడు. ముసలాయన వేళ్లతో కొడుకు పెదవిని తడిమాడు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. చెయ్యి వెనక్కి తీసుకుని ధోవతికి తుడుచుకున్నాడు.

"ఎవ్వలు గీసిన్రు?"

అఖిలేష్ నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. హెల్మెట్ బద్దీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. నోరు తెరిస్తే ఒక్క మాట. నేను తాతా, అంటే చాలు.

"నేనే నాయినా" అన్నాడు రామ్‌కిషన్. "కంపెనీ రూలు." అఖిలేష్ వైపు చూడలేదు.

"మంచిగ చేసినవ్. నేను పోయినంక నాకియ్యాల్సింది కంపెనీకి ఇచ్చినవ్" అన్నాడు పాండు. మిగిలిన రొట్టెను గిన్నెలో పెట్టి పక్కకు జరిపాడు.

ఆ తర్వాత ఆయన కొడుకుతో మాట్లాడలేదు. కోడలు పెడితే తిన్నాడు, కొడుకు చేతి నీళ్లు కూడా ముట్టలేదు. ఊళ్లో హోటల్ దగ్గర మాత్రం మాటలకు కొదవ లేదు. "రామ్‌కిషనూ, దినాలెప్పుడే? మేం మటన్ తినక చాన దినాలైంది." "ముసలాయన్ని గూడ పిలువు దావతుకు, ఆయన దినాలకు ఆయన్నే పిలువకుంటె ఎట్ల?" రామ్‌కిషన్ చాయ్ తాగి గ్లాసు పెట్టి వచ్చేసేవాడు. ఆ నవ్వేవాళ్ల మధ్య అఖిలేష్ కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఉద్యోగం కోసం కన్నతండ్రిని బతికుండగానే చంపుకున్నాడని వాళ్లు తిడుతుంటే, అతను ఫోనులో ఏదో చూస్తున్నట్టు తల వంచుకునేవాడు.

ఇంట్లో తల్లి ఎంకమ్మ ఒకసారి అడిగింది. "నువ్వు ఆడ సారువు గదరా. జర ఆపకపోయినవా?"

"రూలమ్మా. నా చేతుల ఏముంటది?"

చేతుల్లోనే ఉన్నదని ఆమెకు తెలియదు. కొడుకు మాట నమ్మి, పార్కునూ కంపెనీనీ తిట్టి, అన్నం వడ్డించింది.

వారం తిరగకముందే రామ్‌కిషన్ పని మానేశాడు. ఆ వారంలో ఒకరోజు చక్రం పైన పిల్ల ఒకతె గుక్కపట్టి ఏడిస్తే అలవాటుగా తల పైకెత్తాడు. పెదవి అదిరింది కానీ ఆడించడానికి అక్కడేమీ లేదు. ఆ పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. మర్నాడు ఎర్ర టోపీ, చొక్కా ఉతికి మడతపెట్టి తెచ్చి అఖిలేష్ బల్ల మీద పెట్టాడు. "మీసం పెంచుకుంట బిడ్డా. నాయిన ఉన్నన్ని దినాలన్న ఉండాలె" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే అఖిలేష్‌కు కొంచెం తేలికయ్యేది.

పాండు అంత గడువు ఇవ్వలేదు. మీసం పోయిన ముప్పైమూడో రోజున, మధ్యాహ్నం మంచంలోనే పోయాడు. వయసు ఎనభై దాటింది, కాలం తీరి పోయాడు. కానీ ఊరు దానికి కారణం వెతుక్కుంది, వెతుక్కోవడానికి దూరం పోనక్కరలేకపోయింది. రత్నమ్మ రెండోసారి అదే వాకిట్లోకి ఏడుస్తూ వచ్చింది. ఈసారి అన్న దగ్గరికి పోలేదు.

పదో దినం బావి దగ్గర రామ్‌కిషన్ కూర్చున్నాడు. చెన్నబసప్ప తల గొరిగి, ముందుకు వచ్చి ముఖం చూసి ఆగాడు. పెదవి మీద నెలా పన్నెండు రోజుల మొలక. సగం తెలుపు, సగం నలుపు, తోమిన గిన్నె మీద మిగిలిన మసిలాగా.

"ఏం తియ్యాలె రామ్‌కిషనా?" అన్నాడు మెల్లగా.

"ఉన్నంత తియ్యి."

కత్తి గరగరమంది. రెండు గుంజులు, అంతే, అయిపోయింది. బావి చుట్టూ ఉన్నవాళ్లు ఎటో చూశారు. ఎనిమిదేళ్ల కింద తన భుజాలు పట్టుకున్న మనిషి వెనక ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. కూర్చోవాల్సింది తనే అని అఖిలేష్‌కు తెలుసు. కాళ్లు కదిలాయి, కానీ బోరు మోటరు వైపు కదిలాయి. అక్కడ నిలబడి, అవసరం లేకపోయినా చేతులు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలకు పార్కులో రూలు మారింది. మీసం ఉండొచ్చట, పెదవి దాటకుండా కత్తిరించుకుంటే చాలట. మదన్‌మోహన్ వేరే ఊరికి బదిలీ అయ్యాడు. పోయేముందు అఖిలేష్‌కు షేక్‌హ్యాండిచ్చి, ఇంటిపేరు తప్పుగా చెప్పి పిలిచాడు. ఎవరి ముందు చిన్నబోతానని అఖిలేష్ భయపడ్డాడో ఆ మనిషికి అతని పేరే సరిగా తెలియదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం కోహీర్ నుంచి వస్తుంటే రోడ్డు పక్కన జామపండ్ల గంపల ముందు రామ్‌కిషన్ కనబడ్డాడు. పాండు పోయి ఏడాది దాటింది. పెదవి బోసిగానే ఉంది, ఆయనే రోజూ గీసుకుంటున్నట్టు నున్నగా ఉంది. అఖిలేష్ బండి దాటిపోయింది. రెండు ఫర్లాంగులు పోయాక ఆపాడు. బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? అమ్మ మంచిగున్నదా? మోకాళ్లు తగ్గినయా?" అన్నాడు రామ్‌కిషన్, పండ్ల మీద ఆకులు సర్దుతూ.

అఖిలేష్ బండి దిగలేదు. దిగితే మళ్లీ చెప్పలేనని భయం. మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. "కాకా, గా పొద్దు నీకు చెప్పలే. ఫారం ఉండె. జిలానీకి రాసిచ్చినట్టు నీకు గూడ రాసియ్యొచ్చు. నేను నామోషీకి రాయలే. నీ మీసం ఉంటుండె. తాత..."

రామ్‌కిషన్ చేతిలో పండు అట్లాగే ఉంది. దాన్ని గంపలో పెట్టి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"నాకెర్కే బిడ్డా" అన్నాడు. "గా పొద్దున చాయ్ తాగంగ జిలానీ చెప్పిండు, అఖిలేష్‌ను అడుగు కాకా, నీకు గూడ ఫారం ఉంటది అని. నీ తాన్కి వచ్చిన. రేజరు పట్టుకొని అద్దం ముంగట ఎంతసేపు నిలబడ్డనో నువ్వే చూసినవ్. ఫారం ముచ్చట నువ్వే అంటవేమోనని చూసిన. నేనై అడిగితే, లేదు కాకా, గసొంటిదేం లేదని నువ్వు నా మొకం మీద అబద్ధం చెప్తవని భయమైంది. గది ఇనలేక నీ చేతికి రేజరిచ్చిన."